యజమాని ముఖం ఒక గీత

దులూత్‌లో జనవరి. రాత్రి రెండున్నర.
సరస్సు మీద మంచు పగిలే చప్పుడు
కిటికీ అద్దం దాకా వచ్చి ఆగిపోతోంది.
పదకొండు మంచు బండ్లు బయట తిరుగుతున్నాయి.
రేడియో కాసేపు నోరు మూసుకుంది.
ఈ సందులోనే నేను
ఒక బేస్‌బాల్ జట్టును నడుపుతాను.

నిజానికి జట్టు లేదు, అంకెలున్నాయి.
అంకెలకు పేర్లున్నాయి,
పేర్లకు మోకాళ్ల నొప్పులున్నాయి.
అందరూ కంప్యూటర్ కన్న బిడ్డలే,
ఒక్కొక్కడి వయసూ నాకు కంఠతా.

యజమాని రాయిస్ పెంబర్‌విక్.
ఆయన్నీ కంప్యూటరే కన్నది,
కాకపోతే డబ్బున్నవాడిగా కన్నది.
ఆయనకు ముఖం లేదు. పేరు పక్కన ఒక గీత ఉంటుంది.
పచ్చగా ఉంటే నాకు కొలువు,
ఎర్రబడితే మూటాముల్లె.

సీజన్‌కు ముందు ఉత్తరం వచ్చింది.
జీతాల ఖర్చు తొమ్మిది కోట్ల డాలర్లు దాటకూడదు.
ప్లేఆఫ్స్‌కు చేరి తీరాలి.
గస్ థోర్న్‌క్విస్ట్‌ను వెనక్కి తేవాలి,
ఊరికి అతనంటే ప్రాణం.
అవ్వా కావాలి, బువ్వా కావాలి, సరే.
ఈయనకు అవ్వ వండే గిన్నె అమ్మిన డబ్బు కూడా కావాలి.

గస్‌కు ముప్పై ఎనిమిది. ఫస్ట్ బేస్.
ఒకప్పుడు ఏడాదికి నలభై హోమ్ రన్లు.
ఇప్పుడు బంతి దాటిపోయాక బ్యాటు నిద్ర లేస్తుంది.
అదే చోటుకు నా దగ్గర ఎసెకియెల్ మాటోస్ ఉన్నాడు.
ఇరవై ఒకటి. మూడేళ్లు కింది లీగుల్లో
ఎవరి కంటా పడకుండా పెంచాను.
వాడి పేరున్న చొక్కా ఒక్కటీ అమ్ముడుపోదు.

గస్‌ను తెచ్చాను. మాటోస్‌ను బెంచీ మీద కూర్చోబెట్టాను.
గీత పచ్చబడింది.
ఒక నొక్కుకు ఒక వారం:
ఏప్రిల్ ఓడిపోయాం, మే ఓడిపోయాం,
టికెట్లు మాత్రం మిగల్లేదు.
పెంబర్‌విక్ చాలా సంతోషంగా ఉన్నారు,
అంది తెర.

రేడియో గరగరమంది. ఏడో బండి, నార్బర్ట్.
"అర్లీన్, లేక్ అవెన్యూ ఎక్కలేకపోతున్నా.
కింద గాజు. ఉప్పు పొయ్యనా?"

గోడ మీద కాగితం ఉంది.
ఈ శీతాకాలం ఉప్పు మూడో వంతు తగ్గించాలి.
బస్సుల దారులు ఆరింటికల్లా నల్లగా కనబడాలి.
కింద సంతకం డేల్ క్రావిట్జ్.
ఆయన పేరు పక్కన గీత లేదు.
పంతొమ్మిదేళ్లుగా ఆయన మెడ రంగు చూసి
చదవడం నేర్చుకున్నాను.

"పొయ్యి," అన్నాను.
"ఎంత?"
"పట్టినంత."

ఆ చేతితోనే గస్‌ను బెంచీకి లాగాను.

జూన్‌లో గీత పసుపు. జులైలో నారింజ.
మాటోస్ మొదటి రెండు వారాలు గాలినే కొట్టాడు.
నా కాఫీ చల్లారింది, తాగాను.
ఆగస్టులో ఒక రాత్రి, తొమ్మిదో ఇన్నింగ్స్,
తెర మీద ఒక్క ముక్క కదిలింది:
మాటోస్, కుడివైపు గోడ అవతలికి.
కేకలు లేవు, బాణాసంచా లేదు.
పన్నెండు అక్షరాల ముందు
ఒక్కదాన్నే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ప్లేఆఫ్స్‌కు చేరాం, ఆఖరి రోజు, ఒక్క ఆట తేడాతో.

ఉత్తరం వచ్చింది.
మీ ఫలితం తృప్తికరం.
గస్ పట్ల మీరు నడుచుకున్న తీరు విచారకరం.
వచ్చే ఏడాది ఖర్చు ఎనిమిది కోట్లు దాటకూడదు.
గీత నారింజ రంగు దగ్గరే మొండికేసింది.
కప్ప నా నోట్లో లేదు, పాము నేను కాదు,
అయినా రెండు కోపాలూ నా బల్ల మీదికే వస్తాయి.

మాటోస్ ఎంత అడుగుతున్నాడో
ఆ పేజీ ఇంకా తెరవలేదు.
సేవ్ చేసి పక్కకు జరిపాను.
ఎనిమిదింటికి డేల్ వస్తాడు,
ఉప్పు లెక్క అడుగుతాడు,
మఫ్లర్ విప్పేదాకా నాకేమీ తెలియదు.

ఆరు కావస్తోంది.
కొండ మీద మొదటి బస్సు దీపాలు
మెల్లగా దిగుతున్నాయి,
జారకుండా.