నిదానం నేర్పడం

కోర్టు ఎదురుగా నా జిరాక్సు కొట్టు.
పర్లాకిమిడిలో అఫిడవిట్లకి ఏ రోజూ కరువుండదు.
పోయిన కరెంటు వచ్చీ రాగానే
పొట్నూరు గన్నయ్య గారు లోపలికొచ్చి
ముడుపు విప్పినంత జాగ్రత్తగా
గుడ్డలో చుట్టిన సీడీ బల్ల మీద పెట్టారు.

"పట్టాల ఆటమ్మా. ఆడించగలవా?"

చిన్న రైలుకి గార్డు ఆయన.
నౌపడ నుంచి గుణుపురం దాకా
ముప్పై నాలుగేళ్లు పచ్చజెండా ఊపి,
పట్టాలు వెడల్పు చేశాక
జెండా ఇంటికి తెచ్చుకున్న మనిషి.
స్టేషనులో మొదటి కంప్యూటరు దిగిన ఏడు
రాత్రి డ్యూటీలో ఈ ఆట పట్టుకుందట ఆయన్ని.

సీడీ నిండా గీతలు.
టూత్‌పేస్టు రాసి, మెత్తటి గుడ్డతో
మధ్య నుంచి అంచుకి తుడిచాను.
గుండ్రంగా తుడిస్తే ఇంకా పాడవుతుంది.
నా కొత్త కంప్యూటరుకి సీడీ మింగే నోరే లేదు.
ప్లీడరు గుమస్తా దగ్గరున్న పాత డబ్బాలో తిప్పి
అంతా పెన్‌డ్రైవులోకి ఒంపుకొచ్చాను.

నొక్కాను.
ఈ వ్యవస్థలో ఈ ప్రోగ్రాం నడవదు, అంది.

అలాంటి మాట నాకు కొత్త కాదు.
నిన్ననే సాసుబిల్లి వారి అమ్మాయి ఫారం నింపుతుంటే
మాతృభాష దగ్గర జాబితా కిందికి కిందికి జారి
తెలుగు రాకుండానే ఆగిపోయింది.
'ఇతరములు' నొక్కాం.
ఫారం లోపలికి పోయింది.

ఆటకీ అలాంటి అబద్ధమే చెప్పాను:
ఇది నీ పాత ఇల్లే, గోడలు అవే,
గుమ్మం ఎత్తు కూడా మారలేదు, రా, అని.
తారీకు చూసి అనుమానపడింది.
గడియారాన్ని తుపాను ఏడాదికి,
తొంభై తొమ్మిదికి, తిప్పాను.
అప్పుడు నమ్మింది.

తెర నల్లబడి చిన్న ఇంజను వచ్చింది.
వచ్చింది అనేలోగా వెళ్లిపోయింది.
గేటు పడలేదు, పాయింటు మారలేదు,
బండి మీద బండెక్కి ఆట అయిపోయింది.

"ఇదేటమ్మా, ఎవలు సచ్చిపోనారని ఈ పరుగు?
మా బండిలో జనం దిగి, జీడిపళ్లు కోసుకుని,
నాలుగడుగులేసి మళ్లీ ఎక్కీవోరు."

ఆ ఆట రాసినవాడు
అప్పటి యంత్రం ఆయాసాన్ని లెక్కేసుకుని రాశాడు.
ఆయాసపడని దాంట్లో దానికి పొద్దు తెలియదు.
కాబట్టి దీనికో పని లేని పని పురమాయించాను:
ఒకటి నుంచి లక్ష దాకా లెక్కపెట్టు,
అయ్యాక ఒక్క అడుగు వెయ్యి,
మళ్లీ లెక్కపెట్టు.
లక్ష చాల్లేదు.
పది లక్షలకి కాస్త నడక కనిపించింది.

"ఇంకా తగ్గించు. కాశీనగరం మలుపులో ఇలా పోదు బండి."
అరచెయ్యి గాల్లో బోర్లించి
కిందికి, ఇంకా కిందికి దింపుతున్నారు,
నిద్రపట్టని పిల్లని జోకొడుతున్నట్టు.
"అదీ. అక్కడుంచీ."

శబ్దం మాత్రం రాలేదు.
అరగంట వెతికాను. ఆ సౌండుకార్డు పేరే
ఈ యంత్రం ఎప్పుడూ విన్నట్టు లేదు.
ఆ సంగతి చెప్పబోతుంటే
బండి స్టేషను దాటుతోంది,
గన్నయ్య గారి గొంతులోంచి కూత లేచింది.
ముందు పొట్టిది, తర్వాత పొడుగు,
చివర చిన్న దగ్గు, అది కూతలో భాగమో కాదో.
ఆధార్ కాపీలకి నిలబడ్డ లైను మొత్తం
ఒక అడుగు వెనక్కి జరిగింది.

మూడుసార్లు బండ్లు గుద్దించారు.
నాలుగోసారి చివరి స్టేషను చేరకుండానే లేచి,
"సాల్లే, ఆవుకి కుడితి పెట్టాల" అని
ఇరవై రూపాయలు బల్ల మీద పెట్టారు.
వద్దంటే వినలేదు.

గడియారం సరిచెయ్యడం నేను మర్చిపోయాను.
మర్నాడు సాయంత్రం దాకా
కొట్టులో ఇచ్చిన ప్రతి రసీదూ
తొంభై తొమ్మిది నాటిదే.
పాణిగ్రాహి ప్లీడరొక్కడే పట్టుకున్నాడు.
"ఈ తారీకుకి నేనింకా లెక్కల పరీక్ష తప్పుతూనే ఉన్నాను" అని
నవ్వి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.
మార్చి ఇస్తానన్నా ఇవ్వలేదు.