అంచులు కాల్చినందుకు

తొమ్మిది వందల నలభై గ్రాములు.
ఉలాన్‌బాతర్‌లో ఆ రాత్రి సున్నాకి ముప్పై ఆరు దిగువన చలి.
నెర్గూయ్ అని పిలిచేవాళ్ళు. అంటే పేరులేనిది.
చావు వచ్చి పేరు పెట్టి పిలిస్తే
పలక్కుండా ఉండటానికి.

అమ్మ కడుపులో పాకాల్సిన నెత్తుటి తీగలు
గాజుపెట్టెలో, అరువు ఊపిరిలో
దారి తప్పి గుత్తులు కట్టాయి.
కంటి వెనక తెర ఊడిపోకముందే ఆపాలి.
తూనీగ రెక్కంత రెప్పని తీగతో తెరిచి పట్టి
నేనే ఆపాను. ఆపడమంటే కాల్చడం.
కుడికంట పన్నెండు వందల చుక్కలు, ఎడమకంట ఇంకా ఎక్కువ.
చుక్క చుక్కా ఆమె ఎప్పటికీ చూడని కాస్త మైదానం.
నడుమ మిగలాలని అంచుల్ని అమ్మేశాను,
ఆమెనడక్కుండా.

పుట్టవలసిన రోజుకి అప్పటికింకా నెల ఉంది.

ఆరేళ్ళ తర్వాత ఈవేళ
నానమ్మ దులామ్ చెయ్యి పట్టుకుని వచ్చింది.
రెండు రోజుల బస్సు, కనుబొమల మీద కూడా దుమ్ము.
కుడికన్ను మైనస్ తొమ్మిది. ఎడమది పదకొండు.
అద్దాలు పెడితే కుడికన్ను ఐదో వరస చదివింది.
ఎడమది రెండో వరస దగ్గర ఆగి
నేల చూసింది.
వెనకనుంచి పక్కగా నా వేలు తెచ్చాను,
తెచ్చాను, తెచ్చాను,
చెంప దాటాక గానీ "అదిగో" అనలేదు.
కాగితం మీద దీన్ని మంచి ఫలితం అంటారు.
నేనూ అలాగే రాశాను.

"అద్దాలు తీస్తే చీమకి మీసాలెన్నో చెబుతుంది డాక్టరమ్మా,
కొండ మీది మందని మాత్రం మబ్బంటుంది.
మా వైపు కళ్ళంటే దూరమే కదా."
మూట విప్పి ఎండబెట్టిన పెరుగు ముక్కలు
నా బల్ల మీద పోసింది దులామ్.
తర్వాత గొంతు తగ్గించి:
"గుర్రమెక్కనివ్వచ్చా?"

వద్దనబోయాను.
పక్కలు కనపడని పిల్ల, బొరియల నేల,
ఎటునుంచో దూసుకొచ్చే మరో గుర్రం.

బల్లకింద పడ్డ గుండుసూదిని ఏరి
నా అరచేతిలో పెడుతూ అంది నెర్గూయ్:
"గుర్రానికి ముక్కు ముందుది కనపడదు. తాత చెప్పాడు.
పక్కలన్నీ అది చూసుకుంటుంది.
ముందు నేను చూస్తా."

నా గోడ మీది పటాల్లో
ఇద్దరు కలిసి చదివేది ఒక్కటీ లేదు.

"కళ్ళజోడుకి తాడు కట్టించండి," అన్నాను.
అవుననీ కాదు, కాదనీ కాదు.

వాళ్ళు వెళ్ళాక ఒక పెరుగు ముక్క నోట్లో వేసుకున్నాను.
రాయిలా ఉంది.
తరవాతి పాపకి మందుచుక్కలు వేస్తున్నా
ఇంకా కరగలేదు.