బఠాణీ వీధి కిటికీ

పదకొండేళ్లుగా ఈ కిటికీలో
రోజుకో కాగితం అంటిస్తున్నాను.
తార్తు ఊళ్లో, నది పొంగితే మొదట తడిసే పేటలో,
వీధులకు కూరగాయల పేర్లు పెట్టుకున్న చోట,
బఠాణీ వీధి మలుపులో
కింది అంతస్తు, ఎడమ కిటికీ.

ఏం రాస్తావని అడక్కండి.
ముళ్లపంది కంచె దాటలేక వెనక్కి తిరిగిన సంగతి.
రొట్టెల కొట్టులో చిల్లర తక్కువై
సిగ్గుపడ్డ పొడుగాటి మనిషి.
గొడుగు మీద మంచు జారే చప్పుడుకు
నాకింకా మాట దొరకలేదని ఒక ఫిర్యాదు.

ఈసారి ఆకులు రాలే వేళ ఎండెల్‌ను పిలిచాను.
వడ్రంగి. మాటలు తక్కువ, మేకులు ఎక్కువ.
"కిటికీ మార్చాలి" అన్నాను.
"అద్దం పగిలిందా?"
"లేదు."
"చట్రం పుచ్చిందా?"
"లేదు. నాకే పాతబడింది."
టేపు తీసి, ముందు నన్ను కొలుస్తున్నట్టు చూసి
తర్వాత కిటికీని కొలిచాడు.

మొదట అక్షరాలు పెంచాను.
చదివేవాళ్ల కళ్లకూ నాతోపాటే వయసొచ్చిందని
తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది.
తర్వాత, ఆరేళ్ల లోరె కోసం
మోకాలెత్తులో ఒక బుల్లి చట్రం,
అందులో మూడే వాక్యాలు, ఒక బొమ్మ.
ఇప్పుడు పెద్దవాళ్లు నడుం వంచి మరీ
ముందు అదే చదువుతున్నారు.
పెద్ద కాగితం అలిగినట్టుంది, అంచులు ముడుచుకుంది.

డిసెంబరులో ఇక్కడ మూడున్నరకే చీకటి.
అందుకని నల్ల పలక, తెల్ల సుద్ద, పైన ఒక బల్బు.
ఎండెల్ మీటను బయటివైపు పెట్టాడు,
కావలసినవాళ్లు వెలిగించుకుంటారని.
రాత్రి పక్కమీద పడుకుని
ఆ టిక్కుమనే చప్పుడు వింటాను.
ఒంటిగంటన్నరకు ఎవరో. నిమిషమున్నర.
ఆర్పి వెళ్లారు, మర్యాదస్తులు.

ఎంతమంది చదువుతున్నారో
ఇన్నాళ్లూ మంచు చెప్పేది:
కిటికీ ముందు ఆగిన అడుగులు, ఆగని అడుగులు.
పొద్దున్నే లెక్కపెట్టేదాన్ని, కాఫీ చల్లారేదాకా.
ఇరవై మూడు కనబడ్డ రోజు నాకు విందు.
రెండే ఉన్న రోజు, అందులో ఒకటి కుక్కది,
కలాన్ని తిట్టాను.
ఇప్పుడక్కడ ఎండెల్ చూరు దించి చెక్కమెట్టు వేశాడు.
మంచు పడదు, అడుగు నిలవదు.
లెక్క పోయింది.
వారంపాటు చేతులు ఆడలేదు. తర్వాత ఆడాయి.

జవాబుల కోసం గోడకు కన్నం పెట్టమన్నాను.
"చలి వస్తుంది" అన్నాడు.
"మాటలూ వస్తాయి" అన్నాను.
రెండూ వచ్చాయి.
చిక్కుడు వీధి మైము నా కామాలు సరిదిద్ది పంపింది.
ఎవరిదో పిల్లి తప్పిపోయింది.
ఒక చీటీ ఖాళీగా, నాలుగు మడతలు పెట్టి.
దాన్ని పారెయ్యలేదు.

అసలు చిక్కు పాత కాగితాలతో.
నాలుగువేల చిల్లర.
కొత్తొక వింత, పాతొక రోత అంటారు గాని
ఇంత రోత అనుకోలేదు; చెవులు ఎర్రబడ్డాయి.
ఏమీ తెలియని రోజుల్లో
ఎంత తెలిసినట్టు రాశాను!
సగం పొయ్యిలో వేద్దామనుకున్నాను.
ఎండెల్ అప్పటికే సొరుగులు చేస్తున్నాడు,
తారీఖుల వారీగానా, సంగతుల వారీగానా అని అడుగుతూ.

ఉన్నట్టుండి, రంపం ఆపకుండానే,
"ఏడేళ్ల కిందట, ఏప్రిల్లో, నది ఎక్కిన వారం
ఒకటి రాశావు. పడవలో కుర్చీ గురించి.
అది కాల్చకు."
అంతే.

రాత్రంతా వెతికాను.
నా రాతే, నవ్వుతాలుగా రాసిందే:
"ఇవాళ మన వీధిలో ఒక కుర్చీ పడవెక్కింది.
మనిషి లేదు. ఒంటినిండా దుప్పటి మాత్రం కప్పారు,
దానికి జలుబు చేస్తుందని కాబోలు."
ఎవరి కుర్చీయో అప్పుడు తెలియదు.
ఇప్పుడూ అడగలేదు.
సొరుగులన్నీ అయ్యాక అతను
పేరు రాయని అర ఒకటి అదనంగా చేసి
దానికి మాత్రం డబ్బు తీసుకోలేదు.

సాయంత్రం నాలుగు. పలక ఇంకా తుడిచే ఉంది.
కుర్చీని మళ్లీ రాద్దామని సుద్ద పట్టుకున్నాను,
పట్టుకునే ఉన్నాను.
బయట మీట టిక్కుమంది.
ఖాళీ పలక ముందు ఎవరో నిలబడ్డారు.
మైమే అయితే
కామా కోసం వెతుకుతూ ఉంటుంది.