బోకులకు ఏడునూర్లు

బోకులకు ఏడునూర్లు, అంది.
కసువూడ్చి బండలు తుడిచేదానికి ఇంకో ఏడునూర్లు,
గుడ్డలు మిషన్లో వేసి ఆరేసేదైతే నాలుగునూర్లు,
చేత్తో ఉతికేదైతే వెయ్యి.
రాంనగర్ గేటు పడినట్టు అక్కడ ఆగింది.
మరి పాపను చూసుకునేదానికి?
కుళ్ళాయమ్మ కొంగు వేలికి చుట్టి, విప్పింది.
"ఎత్తుకునేదానికి రేటు నాకు తెల్దు మేడం.
మీరే చెప్పల్ల."

నేను ట్రెజరీలో బిల్లులు చూసేదాన్ని.
చెప్పమంటే తగ్గించి చెప్పడమే తెలుసు.
అన్నీ కలిపి ఆరున్నర వేలన్నాను.
తొమ్మిది నుంచి ఆరుదాకా, ఆదివారం సెలవు,
ఆధార్ జిరాక్సు ఒకటి.
జిరాక్సులో ఆమె ఆమెలా లేదు.
ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాను.
ఎందుకు పెట్టానో పాపకు తప్ప అందరికీ తెలుసు.

బుక్కరాయసముద్రం షేర్ ఆటోలో
డ్రైవరు పక్కన సగం కూచుని వచ్చేది.
రాగానే కాళ్ళు, మోచేతుల దాకా చేతులు కడుక్కుని
గాజులు తీసి కిటికీలో పెట్టేది,
పాపకు గీసుకుంటాయని.
ఈ చివరిది నేను చెప్పింది కాదు.

పాప పేరు ధృతి. ఆమె నోట్లో దుర్తి.
రెండుసార్లు సరిదిద్ది ఊరుకున్నాను.

మా ఆయన బళ్ళారి నుంచి కెమెరా పంపాడు.
హాల్లో గడియారం పక్కన పెట్టాం.
ఆమె దాన్ని రోజూ కొంగుతో తుడిచేది.

ఒకరోజు లంచ్‌లో ఫోన్ తెరిస్తే
గోడకు ఆనుకుని కూచోనుంది.
సోఫా అడ్డం, భుజాల దాకానే కనబడుతుంది.
ఒంటిగంటకూ అంతే. రెండుకూ అంతే.
ఉతికిన గుడ్డలు బక్కెట్లో అట్లే.
మూడు రోజులకోసారి వచ్చే నీళ్ళు
వచ్చి పోయాయి, డ్రమ్ము నిండలేదు.
సగం రోజు లీవు పెట్టి
జీతం మనసులో కోసుకుంటూ వచ్చాను.

తలుపు తీస్తే ఆమె లేవలేదు.
"పండుకోనుండాది మేడం. పొద్దున్నుంచి ఒకటే ఏడుపు,
పన్ను వస్తాండాదేమో. కదిలిస్తే లేస్తాది.
రొంత పట్టుకోండి, కాలు నాది కాకుండా పోయింది."
పాపను తీసుకున్నాను.
రెండు చేతులతో తన కాలిని ఎత్తి
ఇంకెవరి బిడ్డనో పడుకోబెట్టినట్టు పక్కన పెట్టుకుంది.
తర్వాత లేచి బోకులు తోమింది.
నేను వద్దనలేదు.
వద్దనుంటే బాగుండేది, ఇక్కడ రాసుకోడానికైనా.

పదో నెల దాటాక పాపకు మాట వచ్చింది.
వాకిట్లో నేను చెప్పులు విడుస్తుంటే
కుళ్ళాయమ్మ చంకలోంచి నా వైపు చెయ్యి చాపి
"మేడం" అంది.
మే కొంచెం నాన్చి, డం గట్టిగా.
నవ్వాను. మా ఆయనకు ఫోన్ చేసి మళ్ళీ నవ్వాను.
ఫోన్ పెట్టాక నవ్వలేదు.
కుళ్ళాయమ్మ, గాజు గ్లాసేదో పగలగొట్టినట్టు
పాపను ఎత్తుకునే నిలబడింది.

మర్నాటి నుంచి నన్ను అమ్మా అంది.
నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దది.
"అమ్మ ఆపీసుకు పోతాండాది చూడు దుర్తీ"
"అమ్మ వచ్చె, అమ్మ బిస్కట్ తెచ్చె"
"అమ్మా, సబ్బైపోయింది. అమ్మా, గ్యాసు చెప్పల్ల."
అవసరమున్నా లేకున్నా మాటకొక అమ్మ.
సిగ్గేసింది. వద్దందామనుకున్నాను.
పాప నేర్చుకునేదాకా ఆగుదామనుకున్నాను.

పన్నెండు రోజులకు నేర్చుకుంది.
దాంతోపాటే ఇంకోటి: లాయమ్మ.
కుళ్ళా దగ్గర ఇంకా నాలుక తిరగదు.

ఇప్పుడు రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగితే
చీకట్లో ఉలిక్కిపడి "అమ్మ" అంటుంది.
ముందు ఇంకేమైనా ఉందో లేదో
నిద్రమత్తులో నాకు వినబడదు.
వినబడేలోగా ఎత్తుకుంటాను.

ఒకటో తారీకు ఏడున్నర వేలు పెట్టాను.
లెక్కబెట్టి వెయ్యి వెనక్కి చాపింది.
"ఎక్కువొచ్చినాయి చూడండి."
ఎత్తుకునేదానికి, అన్నాను.
కిటికీలోంచి గాజులు తీసి ఒక్కొక్కటే తొడుక్కుంటూ
చాలాసేపు ఆలోచించింది.
"అట్లయితే మొన్న రాని దినానిది పట్టుకోండి,
మేడం" అంది.
పాప నిద్రపోతోంది కదా, మరి.