ఆకాశం పడ్డ వీడియో

మా తమ్ముడు ఎలిసేయో క్యాచర్.
అంటే, లోకానికి వీపు చూపిస్తూ గొంతుక్కూచునేవాడు.

యాకిమా లోయ. ఏప్రిల్ సాయంత్రం, చలిగాలి.
కంచె వెనక మడత కుర్చీల్లో ముగ్గురు స్కౌట్‌లు,
ఒళ్ళో పొద్దుతిరుగుడు గింజలు,
చేతుల్లో రాడార్ గన్‌లు.
రెన్‌క్విస్ట్ వాళ్ళబ్బాయి బంతి విసిరినప్పుడల్లా
మూడు గన్‌లూ ఒక్కసారే లేస్తాయి.
తొంభై ఒకటి.
తొంభై రెండు.
ఆ తొంభై రెండు ఎక్కడికెళ్ళి ఆగిందో
ఎవరూ రాసుకోరు.
మా వాడి ఎడమ అరచేతిలో ఆగింది.
రాత్రి ఫ్రీజర్లోంచి బఠాణీల సంచీ తీసి
ఆ చేతికి కట్టేదాన్ని, నాకు తెలుసు.

కోల్బీ రెన్‌క్విస్ట్ వీడియో పదకొండు వేలమంది చూశారు.
అందులో మా వాడూ ఉన్నాడు.
హెల్మెట్ వెనక భాగం, ఓ మోకాలు.
ఏ బంతి వెయ్యాలో చెప్పిన వేళ్ళు మాత్రం
అవతలి వైపు.

నలభై ఒక్క కాలేజీలకి రాశాం.
ఎత్తు అయిదడుగుల తొమ్మిది అంగుళాలు
(నిజానికి ఎనిమిది. తొమ్మిదోది బూట్లది).
రెండో బేస్‌కి విసరడానికి పట్టే సమయం,
లెక్కల్లో మార్కులు, నేను తీసిన వీడియోలు.
కళ్ళలో వత్తులేసుకుని చూశాం.
ఇరవై ఆరు మంది ధన్యవాదాలన్నారు.
ఒక్కరు ఎంతో ఆప్యాయంగా
వేసవి క్యాంపుకి రమ్మన్నారు, ఆరు వందల డాలర్లు.
ఆపిల్ షెడ్ నుంచి అప్పుడే వచ్చిన అమ్మ
చేతులు కడుక్కుంటూ అడిగింది:
"ఉత్తరంలో వీడి పేరుందా?"
"ప్రియమైన ఆటగాడా అని ఉందమ్మా."
ఊరి పత్రిక వాళ్ళు ఓసారి పేరు వేశారు,
రెండక్షరాలు తప్పు.
దాన్నే కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది.

ఇవాళ, ఏడో ఇన్నింగ్స్.
ఒక్క పరుగు ఆధిక్యం, మూడో బేస్ మీద వాళ్ళ మనిషి.
స్కౌట్‌లలో ఇద్దరు కుర్చీలు మడిచేశారు.
కోల్బీ వేసిన వంపు బంతి
ప్లేటుకి అడుగు ముందే మట్టిలో గుద్దుకుంది.
మా వాడు దాని మీద పడ్డాడు,
పసిపిల్ల మంచం మీంచి జారుతుంటే పడ్డట్టు.
భుజం ఎముక్కి తగిలి దొర్లింది.
వట్టి చేత్తో అందుకుని, ఒళ్ళంతా నేలకేసి విసిరి,
పరిగెత్తి వస్తున్న వాడి మడమని తాకాడు.
అవుట్.

నేను అరిచాను. ఫోన్ చేజారింది.

ఇంటికొచ్చాక అడిగాడు, "తీశావా?"
అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.
చూపించాను.
పద్నాలుగు సెకన్లు. అంతా ఆకాశమే,
ఓ మూల దీపస్తంభం చివర.
మట్టి చప్పుడు. తోలు చప్పుడు.
ఎవరిదో కుక్క.
తర్వాత నా గొంతు,
నాదేనా అనిపించేంత పెద్దగా, వాడి పేరు,
ఒక్కక్షరం తప్పు లేకుండా.

మూడుసార్లు పెట్టించుకున్నాడు.
మూడోసారి కళ్ళు మూసుకున్నాడు.
మట్టి చప్పుడు వచ్చే చోట
బఠాణీల సంచీ కింద
ఎడమ చెయ్యి చిన్నగా తెరుచుకుంది.

"నలభై రెండోవాళ్ళకి ఇది పంపు" అన్నాడు.
హాస్యమాడుతున్నాడో లేదో
అర్థం కాలేదు నాకు.
లైటార్పేశాను.