రోత

తప్పు నాదే.
గుంతకల్లు స్టేషన్ ఎదురుగా రీచార్జి అంగడి నాది.
ఉగ్గాని బండి దస్తగిరమ్మకు ఫోన్‌లో మైకు బొమ్మ చూపించి
"దీన్నొత్తి మాట్లాడు పెద్దమ్మా, అదే రాసుకుంటాది"
అన్నది నేనే.

ఆమెకు చదువు రాదు.
ఫోన్‌ను నోటికాడ పెట్టుకొని
చెవిటోనికి చెప్పినట్ల గట్టిగా
లోకోషెడ్ గ్రూపుకు తొలి కబురు చెప్పింది:
"ఉగ్గాని అయిపాయ. రోంత ఆగండి, బజ్జీలేస్తాండా."

ఫోనుకు రోంత తెలీదు.
అది ఏ ఊరి బడిలో చదివిందో ఏమో,
మధ్యలో సున్న మింగేసి రాసింది:
"రోత ఆగండి."

డ్రైవర్లు, గార్డులు, పాయింట్‌మెన్‌లు
కడుపులు పట్టుకొని నవ్వినారు.
మర్నాడు ఒకడు "రోత చట్నీ ఎక్కువెయ్యి" అని పెట్టినాడు.
ఇంకొకడు "బండి రోత లేటు."
రాత్రి డ్యూటీలో ఇంకెవరో,
"ఇంటికి ఫోన్ చేసి రోత మాట్లాడొస్తా."
చూస్తాండంగనే ఆ మాట
అసహ్యాన్ని పాత చొక్కా మాదిరి విడిచేసి
కొంచెం అయి కూచుంది.

మాది జంక్షన్ గదా,
ఈడ మనుషులే కాదు, మాటలూ బండ్లు మారతాయి.
గార్డు హనుమేషు కొడుకు అనంతపురం హాస్టల్లో
పరీక్ష ముందర రాత్రి "రోత చదివినా" అని రాసి
క్లాసుకంతా ఫస్టొచ్చినాడు.
మార్కులు చూసినోళ్లు
రోత అంటే శానా అనుకున్నారు.
నెల తిరక్కముందే శానా కాస్తా అదుర్స్ అయింది.
ఆ తర్వాత వేళ్లకు బద్ధకమై
తోక కోసి, ఉత్త "రో" చేసినారు.

మొన్న ఇద్దరు పిల్లోళ్లు నా అంగట్లో
ఫోనుకు గాజు వేయించుకుంటా కొట్లాడినారు.
"బ్రోలో బ రాలిపోయిందిరా" అంటాడొకడు.
"కాదు, కన్నడం నుంచి వచ్చింది, మా మామ బళ్లారోడు."
నేను గుడ్డతో గాజును ఒత్తుకుంటా గమ్మునుండినా.
ఎంత ఒత్తినా ఒక బుడగ మాత్రం పోలేదు.
గుండ్రంగా, చిన్నగా,
ఫోను మింగిన సున్న మాదిరి.

నిన్న సాయంత్రం
భుజాన బ్యాగేసుకున్న పిల్లోడొకడు
మిరపకాయ బజ్జీ కొరికి, కండ్లు మూసుకొని,
నిండు మనసుతో అన్నాడు:
"అవ్వా, రోత!"

దస్తగిరమ్మ చేతిలో జల్లిగంటె ఆగిపోయింది.
ప్లేటు లాక్కుంది.
"రోతయితే తినొద్దులే నాయనా.
ముప్పై ఏండ్లుగా ఒక్కరు అనలా ఆ మాట."

వాడికి ఏం జరిగిందో తెలీక
కారం నోటితో బిక్కమొగమేసినాడు.
నేను అంగడి వదిలేసి రోడ్డు దాటి పరిగెత్తినా.
యాడనుంచి మొదలుపెట్టాల?
సున్న నుంచా?

"రోంత ఆగు పెద్దమ్మా, చెప్తా" అన్నా.

"ఆగుతాలేరా. నూనె ఆగదు.
బిన్నె చెప్పు."