మూడు గంటల ఎండ

ఫైలు పేరు ఫైనల్, తర్వాత ఫైనల్ రెండు, తర్వాత ఫైనల్ కొత్తది.
తెరిస్తే నాలుగంతస్తుల అగ్గిపెట్టె.
వరుసకు ఆరు కిటికీలు,
పరీక్షల పక్కోని పేపర్ చూసి రాసినట్టు
అన్నీ ఒక్కటే తీరు.
ఎనుమాముల మార్కెట్ ఎదురుంగ
మిర్చి అడ్తిదారుల కాంప్లెక్స్ అట.
"జెర జీవం పొయ్యి చెల్లె,
హైదరాబాద్ లెక్క కొట్టాలె" అన్నడు ఐలోని సేటు.
పొద్దుగాలకు కావాలన్నడు.

నక్కలగుట్టల మెట్ల కింది అర్ర మా ఆఫీసు.
ముందుగాల ఆకాశం మార్చిన.
నా దగ్గర నూటపన్నెండు ఆకాశాలున్నయి,
ఒక్కటి గూడ మనది కాదు.
కిటికీలకు అద్దం తొడిగిన, అద్దంల మబ్బు పెట్టిన.
నేల తడిపిన.
తడి నేల మీద ఎంత మొండి గోడైనా
తలకిందులుగ కొంచెం అందంగుంటది.
ఈ పనిల నేర్చిన మొదటి అబద్ధం అది.

అప్పుడు మనుషుల డబ్బా తీసిన.
కోటు తొడుక్కున్నాయన,
కుక్కను పట్టుకొని ఉరికే పోరి,
కాఫీ గ్లాసుతోటి ఎటో చూసి నవ్వే జంట.
వీళ్ళల్ల ఎవ్వరికీ మిర్చి ఘాటుకు తుమ్ము రాదు.
మూసేసి బండి తీసిన.

యార్డు గేటు కాడ
కొక్కెం భుజానికి తగిలించుకొని కొమురెల్లి.
"నన్నెందుకు బిడ్డా, గా ములుగు బస్సును తియ్యి,
కొత్తగ రంగేసిండ్రు" అని నవ్విండు.
తొడిమెలు తీసే ఒకామె
మూతికి తువ్వాల, కండ్లు మాత్రమే.
వద్దనలేదు, సరే అనలేదు.

రాత్రి వాళ్ళను కత్తిరించిన.
తువ్వాల పోగులు ఒక్కొక్కటి విడదీసేసరికి పన్నెండు దాటింది.
తెచ్చి కాంప్లెక్స్ ముంగట నిలబెట్టిన.
ఊరు వరంగల్, నెల ఏప్రిల్,
సూర్యుణ్ణి మూడు గంటలకు తిప్పిన.
పడమటి గోడ పెనం లెక్క కాలింది.
కొమురెల్లిని ఎడమకు జరిపిన, ఎండ.
గుమ్మం కాడ పెట్టిన, ఎండ.
ఆమెను మెట్ల పక్కన కూసోబెడదామంటే
మెట్లకు పక్కే లేదు.

తప్పు రంగుది కాదు.
ఇంత పెద్ద బిల్డింగుల
ఒక మనిషి ఆగేటందుకు జాగ లేదు.

ఎనిమిది ఫీట్ల చూరు గీసిన.
దాని కింద మోకాలెత్తు అరుగు.
ఎవ్వరూ అడగలే.
ఇంజనీరు గీయంది మేం గీయొద్దు, అది మా రూలు.
బటన్ నొక్కితే ఫ్యాను
తెల్లారేదాక మొత్తుకున్నది.

పొద్దుగాల సేటు కండ్లద్దాలు తుడుచుకొని చూసిండు.
"గీ చూరు మంచిగున్నది, ఉంచు.
గీ మనుషులేంది, మాసిన బట్టలు?
తీసెయ్. తెల్ల కారు పెట్టు."

తీసిన. కారు పెట్టిన.
కొమురెల్లి నీడను తీసుడు మర్చిన.
మర్చిన అనే చెప్తున్న.
అరుగు అంచుకు, సగం ఎండల,
మనిషి లేని నీడ, భుజం మీద కొక్కెం.
ఇప్పటిదాక ఎవ్వరూ పట్టుకోలే.

నిజం బిల్డింగుకు చూరు ఉంటదా సార్
అని ఇంజనీరు యాకయ్యను అడిగిన.
"ఎస్టిమేటుల చూడాలె" అన్నడు.
పోయిన నెల గూడ చూస్తనే ఉండె.

బొమ్మను ఇరవై ఫీట్ల ఫ్లెక్సీ కొట్టించి
ఖాళీ ప్లాటుల రెండు సర్వీ కట్టెలకు కట్టిండ్రు.
నిన్న మూడింటికి అటు దిక్కు పోయిన.
ముంగట నా మబ్బులు, నా అద్దాలు, నా తెల్ల కారు.
ఎనక, అచ్చు పడని దిక్కు, నలుగురు.
పరకాల నుంచి వచ్చిన రైతు
బస్తాకు ఒరిగి సద్ది మూట ఇప్పిండు.
తొడిమెల ఆమె తువ్వాల దించి నీళ్ళు తాగింది.
ఆమె మూతి నేను మొదటిసారి చూసిన.
పొద్దు జరిగినకొద్దీ
నీడెంబడి వాళ్ళు గూడ జరుగుతున్నరు.

ఇంతల సుడిగాలి లేసింది.
నాలుగంతస్తులూ ఉబ్బి పటపట కొట్టుకున్నయి.
ఒక కట్టె ఒరిగింది.
రైతు ఎంగిలి చేతితోనే లేసి
కట్టెను పట్టుకొని నిలబడ్డడు.